మోటర్‌హోమ్ వెనక కట్టిన కారు ముందు చక్రాలు వణికితే

మోటర్‌హోమ్, అంటే ఇల్లులా వాడుకునే పెద్ద బండి, హైవే మీద గంటకు 60 మైళ్ల వేగంతో సాఫీగా పోతుంటుంది. వెనక టో బార్‌కి (లాగే కడ్డీకి) కట్టిన కారు తన నాలుగు చక్రాల మీదే దొర్లుతూ వస్తుంటుంది. ఇంతలో వంతెన మొదట్లో ఉండే అతుకు దాటాల్సి వస్తుంది. ముందు కూర్చున్నవాళ్లకు చిన్న కుదుపు తప్ప ఏమీ తెలియదు. వెనక కెమెరా తెర మీద మాత్రం కారు ముందు చక్రాలు రెండూ కుడికీ ఎడమకీ టపటపా కొట్టుకుంటుంటాయి. కారులో మనిషి లేడు, అయినా స్టీరింగ్‌ని ఎవరో పట్టుకుని ఊపేస్తున్నట్టు అటూ ఇటూ తిరిగిపోతుంటుంది. వేగం బాగా తగ్గితే గానీ ఆ వణుకు ఆగదు.

అమెరికా, కెనడాల్లో మోటర్‌హోమ్ యజమానులు చాలామంది ఇలా కారును వెంట లాక్కెళ్తారు. పెద్ద బండిని క్యాంప్ గ్రౌండ్‌లో నిలిపేశాక ఊళ్లో తిరగడానికి చిన్న కారు చేతిలో ఉంటుంది. వాళ్ల వాడుకలో ఆ కారును ‘టోడ్’ అనో ‘డింగీ’ అనో అంటారు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంటాయి కాబట్టి ట్రైలర్ బరువు ఉండదు, దాన్ని ఎక్కడ పెట్టాలన్న బెంగా ఉండదు. ఇందుకు బాగా వాడే కార్లలో జీప్ రాంగ్లర్ ఒకటి. దాని ట్రాన్స్‌ఫర్ కేస్‌ని (ఇంజన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టెను) న్యూట్రల్‌లో పెడితే చక్రాలు గేర్‌బాక్స్‌తో సంబంధం లేకుండా తిరుగుతాయి. అయితే రాంగ్లర్ ముందు ఇరుసు ఒకే గట్టి ముక్క. ఒక చక్రం కదిలితే రెండోదానికీ ఆ కదలిక నేరుగా అందుతుంది. చక్రాల వణుకు గురించి ఎక్కువగా వినబడేది ఇలాంటి కార్ల విషయంలోనే. అలాగని విడివిడి సస్పెన్షన్ ఉన్న కార్లకు ఈ బాధ లేదని కాదు.

వణుకు కనపడగానే చాలామంది చేసే మొదటి పని స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపులను అణిచే, షాక్ అబ్జార్బర్ లాంటి గొట్టం) మార్చడం. ధర పెద్దగా ఉండదు, బిగించడం తేలిక, చాలాసార్లు వణుకు వెంటనే పోతుంది కూడా. కొన్ని వేల మైళ్ల తర్వాత మళ్లీ మొదలవుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే రెండు విషయాలను విడదీసి చూడాలి. వణుకును మొదలుపెట్టేది ఒకటి, దాన్ని ఆగకుండా కొనసాగించేది మరొకటి. మొదటిది నిప్పురవ్వ, రెండోది ఎండుగడ్డి. రోడ్డు మీది అతుకు, గుంత, టైరు బ్యాలెన్స్ తప్పడం, ఇవి రవ్వలు. రోడ్డు ఉన్నంతకాలం రవ్వలు పడుతూనే ఉంటాయి. వెతకాల్సింది ఎండుగడ్డిని. అంటే లూజైన జాయింట్లు, తగ్గిపోయిన క్యాస్టర్ కోణం (చక్రం కుడి ఎడమలకు తిరిగే అక్షం వాలు), వణుకును తినేసే శక్తి కోల్పోయిన స్టీరింగ్. డ్యాంపర్ చేసే పని ఆ గడ్డి మీద తడిగుడ్డ కప్పడం. గుడ్డ ఆరిపోగానే గడ్డి మళ్లీ అంటుకుంటుంది.

వణుకుకు శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

షాపింగ్ ట్రాలీ తోసినవాళ్లందరికీ ఈ వణుకు పరిచయమే. కాస్త వేగంగా తోస్తే ముందు చిన్న చక్రం ఒకటి అటూ ఇటూ కొట్టుకుంటూ చప్పుడు చేస్తుంది. లాగే కారు ముందు చక్రాలకు జరిగేది సూత్రప్రాయంగా అదే. చక్రం ఏ అక్షం చుట్టూ కుడి ఎడమలకు తిరుగుతుందో ఆ అక్షం నిటారుగా ఉండదు, పైభాగం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలునే క్యాస్టర్ అంటారు. దానివల్ల ఆ అక్షాన్ని కిందికి పొడిగిస్తే నేలను తాకే చోటు కన్నా, టైరు నేలను ఆనే చోటు కొంచెం వెనకగా ఉంటుంది. అందుకే కారును ముందుకు లాగినప్పుడు చక్రాలు వాటంతట అవే తిన్నగా సర్దుకుంటాయి. స్టీరింగ్ పట్టుకునే మనిషి లేకపోయినా కారు మోటర్‌హోమ్ వెనకాలే మలుపులు తిరుగుతూ రావడానికి ఆధారం ఇదే.

అయితే టైరు రాయి కాదు, రబ్బరు. చక్రం ఒక పక్కకు తిరిగిన క్షణంలోనే దాన్ని వెనక్కి తెచ్చే బలం పూర్తిగా పుట్టదు. టైరు కొంత దూరం దొర్లి, పక్కగోడ వంగి, అప్పుడు ఆ బలం వస్తుంది. ఈ ఆలస్యమే చిక్కంతా. మధ్యకు తిరిగొచ్చిన చక్రాన్ని ఆలస్యంగా వచ్చిన బలం ఇంకా అవతలికి నెడుతుంది. అవతలి నుంచి మళ్లీ ఇదే కథ. ఉయ్యాలను సరైన అదనులో తోస్తే ప్రతిసారీ ఇంకాస్త ఎత్తుకు పోయినట్టు, ఊపు మీద ఊపు పెరుగుతుంది. దీనికి కావలసిన శక్తిని మోటర్‌హోమ్ ఇంజనే ఇస్తుంది, కారును ముందుకు లాగుతోంది కదా. కాబట్టి లాగుతున్నంతసేపూ ఆ శక్తికి కొరత లేదు. స్టీరింగ్ వ్యవస్థలోని రాపిడి, డ్యాంపర్, గట్టి జాయింట్లు కలిసి ఆ శక్తిని మింగేయగలిగితే వణుకు రెండు మూడు ఊపుల్లో చచ్చిపోతుంది. మింగలేకపోతే నిలబడిపోతుంది.

ఇంజనీర్లు ఈ వణుకును షిమ్మీ అంటారు. 1925లోనే ఫ్రెంచ్ ఇంజనీరు జార్జ్ బ్రూలియే కార్ల చక్రాల షిమ్మీని విశ్లేషించారు. 1941లో జర్మనీలో ఫాన్ ష్లిప్పె, డీట్రిష్ విమాన చక్రాల వణుకుకు లెక్క కట్టినప్పుడు కూడా టైరు వంగడంలోని ఆ ఆలస్యమే కీలకంగా తేలింది. అంటే వందేళ్లుగా తెలిసిన జబ్బే. కానీ మనిషి నడిపే కారులో ఇది అంతగా బయటపడదు. స్టీరింగ్ మీద ఉండే రెండు చేతులు కూడా ఒక డ్యాంపరే. చేతుల బరువు, కండరాల పట్టు చిన్న చిన్న ఊపులను తెలియకుండానే మింగేస్తాయి. లాగే కారులో ఆ చేతులు ఉండవు, డ్రైవర్ బరువు ఉండదు, ఇంజన్ ఆగిపోయి ఉంటుంది కాబట్టి పవర్ స్టీరింగ్ పనిచేయదు. పైగా ముందు భాగాన్ని ఒక ఇనప కడ్డీ లాగుతూ నెడుతూ ఉంటుంది.

“మామూలుగా నడిపితే కారు బాగానే ఉంది, లాగినప్పుడే వణుకుతోంది” అన్న మాటను సరిగ్గా అర్థం చేసుకోవాల్సింది ఇక్కడే. దానర్థం కారులో లోపం లేదని కాదు. లోపం ఉంది, చేతులు దాన్ని దాచిపెడుతున్నాయి అని అర్థం. అదే లోపం ముదిరితే చేతులు కూడా ఆపలేవు. కాబట్టి లాగేటప్పుడు కనపడే వణుకును ముందుగా వచ్చిన హెచ్చరికగా తీసుకోవాలి.

ముందు చూడాలి, తర్వాత విప్పాలి

ఒక్క బోల్టు కూడా విప్పకముందు చేయాల్సిన పని వీడియో తీయడం. మోటర్‌హోమ్ వెనక బంపర్ దగ్గర, ముందు చక్రాలు రెండూ కనపడేంత కిందికి కెమెరాను గట్టిగా బిగించి, స్లో మోషన్‌లో తీయాలి. వెనక చూసుకునే మామూలు కెమెరా ‘ఏదో వణుకుతోంది’ అని మాత్రమే చెబుతుంది. స్లో మోషన్ ఏది ఎలా వణుకుతోందో చెబుతుంది.

రెండు చక్రాలూ ఒకేసారి ఒకే పక్కకు తిరుగుతూ, అతుకు దాటాకే మొదలై, వేగం తగ్గేదాకా ఆగకుండా ఉంటే అది షిమ్మీ. ఒక్క చక్రమే కొట్టుకుంటూ రెండోది దాదాపు నిలకడగా ఉంటే ఆ పక్కన టై రాడ్ (చక్రాలను తిప్పే కడ్డీ) చివర, బాల్ జాయింట్ (చక్రం తిరిగే గుండ్రటి కీలు), వీల్ బేరింగ్ మీద అనుమానపడాలి. చక్రం పక్కలకు కాకుండా పైకీ కిందికీ గెంతుతుంటే టైరు, షాక్ అబ్జార్బర్ చూడాలి. కారు మొత్తం తోక ఊపినట్టు ఊగుతుంటే అది అసలు స్టీరింగ్ సమస్య కాకపోవచ్చు, టో బార్ వైపు వెళ్లాలి. ఈ నాలుగూ ముందు సీట్లో కూర్చున్నవాళ్లకు ఒకేలా అనిపిస్తాయి. మరమ్మతులు మాత్రం నాలుగు రకాలు. వీడియో లేకుండా గ్యారేజీకి వెళితే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అందుకే.

వేగం కూడా ఒక సాక్ష్యమే. బ్యాలెన్స్ తప్పిన చక్రం ఏ గుంతా లేకపోయినా ఒక వేగం దగ్గర వణకడం మొదలుపెట్టి, ఆ వేగం దాటితే తగ్గుతుంది. షిమ్మీ అలా కాదు. 60 మైళ్ల దగ్గర అరగంట ప్రశాంతంగా నడిచి, ఒక్క అతుకు తగలగానే విరుచుకుపడుతుంది. ఆ తర్వాత 45కి తగ్గించినా కొనసాగవచ్చు.

టైర్లు

ఖర్చు లేకుండా తేలిపోయేది ముందు చూసుకోవడం మంచిది. చల్లగా ఉన్నప్పుడు డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసిన గాలి ఉందా, ముందు రెండు టైర్లలోనూ సమానంగా ఉందా చూడాలి. గాలి తక్కువైతే పక్కగోడ మెత్తబడి, పైన చెప్పుకున్న ఆలస్యం పెరుగుతుంది. లాగే కారులో మనుషులు లేరు కదా అని గాలి తగ్గించడం సరికాదు.

ఆ తర్వాత అరచేయి. కారు నిలిపి, టైరు ట్రెడ్ మీద అరచేతిని లోపలి అంచు నుంచి బయటి అంచుకు మెల్లగా లాగాలి, మళ్లీ బయటి నుంచి లోపలికి లాగాలి. ఒక దిశలో నున్నగా జారి, రెండో దిశలో రంపపు పళ్లలా గుచ్చుకుంటే టో-ఇన్ (రెండు చక్రాల ముందు అంచులు కొద్దిగా లోపలికి తిరిగి ఉండే కొలత) సరిగా లేదు, టైరు ప్రతి మైలూ కాస్త పక్కకు ఈడ్చుకుంటూ వస్తోంది. చుట్టూ తడిమినప్పుడు గిన్నెల్లా గుంటలు తగిలితే చక్రం చాలాకాలంగా గెంతుతోందన్నమాట. ఒక చోట ఉబ్బు తగిలితే లోపలి బెల్టు విడిపోయి ఉండవచ్చు. ఆ టైరుతో ఇంకో ప్రయాణం చేయకూడదు. కంటికి కనపడని ఈ అరుగుదల చేతికి తెలుస్తుంది. గోకుడు తగిలిన అంచు మీద వేలు ఆగిపోతుంది.

బ్యాలెన్స్ సంగతి ఒక చిన్న లెక్కతో చూద్దాం. గంటకు 60 మైళ్లంటే సెకనుకు 88 అడుగులు. 32 అంగుళాల ఎత్తున్న టైరు చుట్టుకొలత సుమారు 8.4 అడుగులు. అంటే చక్రం సెకనుకు పదిన్నర సార్లు తిరుగుతుంది. 17 అంగుళాల రిమ్ అంచున ఒక్క ఔన్సు బరువు తేడా ఉంటే ఆ వేగంలో అది దాదాపు 6 పౌండ్ల బలంతో చక్రాన్ని గుంజుతుంది, సెకనుకు పదిసార్లకు పైగా. ముందు భాగం గట్టిగా ఉంటే 6 పౌండ్లు లెక్కలోకి రావు. జాయింట్లు లూజుగా ఉంటే అదే ఆగకుండా రాలే రవ్వ అవుతుంది. రిమ్ లోపల ఎండిపోయిన బురద కూడా ఇంత తేడా తెస్తుంది, కాబట్టి బ్యాలెన్స్ చేయించేముందు రిమ్ లోపలి వైపు కడగాలి.

డబ్బు ఖర్చుకాని మంచి పరీక్ష ఒకటుంది. ముందు చక్రాలను వెనక్కీ వెనక చక్రాలను ముందుకీ మార్చి, అదే రోడ్డు మీద అదే వేగంతో లాగి చూడాలి. వణుకు మారితే దోషం టైర్లలోనో రిమ్ముల్లోనో ఉంది. ఏమాత్రం మారకపోతే టైర్లను వదిలేసి ముందుకు వెళ్లవచ్చు.

జాయింట్లు: ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే

గట్టి ఇరుసు ఉన్న కారులో ట్రాక్ బార్ అనే కడ్డీ ఒకటుంటుంది. ఒక చివర ఛాసిస్ ఫ్రేముకు, రెండో చివర ఇరుసుకు బిగించి ఉంటుంది. ఇరుసు పక్కలకు జరగకుండా పట్టి ఉంచడం దాని పని. స్టీరింగ్ బాక్స్ ఉండేది ఫ్రేము మీద. అక్కడి నుంచి డ్రాగ్ లింక్ అనే కడ్డీ వచ్చి చక్రాలను తిప్పుతుంది. ఇప్పుడు ట్రాక్ బార్ బోల్టు రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయిందనుకుందాం. ఇరుసు పక్కకు ఒక పిసరు జరుగుతుంది. స్టీరింగ్ బాక్స్ కదలలేదు, ఇరుసు కదిలింది. చక్రాల వైపు నుంచి చూస్తే ఎవరో స్టీరింగ్ తిప్పినట్టే. చక్రాలు తిరిగితే టైర్లు ఇరుసును మళ్లీ పక్కకు తోస్తాయి, ఇరుసు జరిగితే చక్రాలు మళ్లీ తిరుగుతాయి. ఊపుకు ఇంతకన్నా మంచి మేత లేదు. రాంగ్లర్‌లో వణుకు వస్తే అనుభవమున్న మెకానిక్ చెయ్యి మొదట ట్రాక్ బార్ మీదికే పోవడానికి కారణం ఇదే.

దీన్ని పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు చాలు. కారును చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టాలి. జాకీ ఎత్తకూడదు, బరువు చక్రాల మీదే ఉండాలి. ఒకరు ఇంజన్ ఆన్ చేసి స్టీరింగ్‌ని మధ్య నుంచి అటొక జానెడు, ఇటొక జానెడు వెంటవెంటనే తిప్పుతుండాలి. రెండోవాళ్లు కింద నుంచి ఒక్కో జాయింటునూ చూడాలి. కంటితో చూస్తే చాలదు. బోల్టు తల మీద సగం, బ్రాకెట్ మీద సగం పడేట్టు వేలు ఆనించాలి. రెండూ కలిసి కదిలితే వేలికి ఏమీ తెలియదు. బోల్టు ఒక వెంట్రుకవాసి విడిగా కదిలినా వేలి కింద చిన్న ‘టిక్’ తగులుతుంది. ఆ చుట్టూ గోధుమరంగు తుప్పు పొడి రాలి ఉన్నా, పెయింట్ ఉంగరంలా చెరిగి మెరుస్తున్నా అది చాలాకాలంగా కదులుతున్న జాయింటే. ట్రాక్ బార్ రెండు చివరలు, డ్రాగ్ లింక్ రెండు చివరలు, టై రాడ్ రెండు చివరలు, స్టీరింగ్ బాక్స్‌ని ఫ్రేముకు పట్టే బోల్టులు, కంట్రోల్ ఆర్మ్‌ల (ఇరుసును ఫ్రేముకు కలిపే చేతుల) బుష్‌లు (రబ్బరు తొడుగులు), ఇలా ఒక్కటీ వదలకుండా వేలు పెట్టి చూడాలి. ఒక లూజు దొరకగానే ఆగిపోవడం చాలామంది చేసే తప్పు. ఇలాంటి కార్లలో లూజులు జంటలుగా, మూడేసిగా ఉంటాయి.

లూజు బోల్టును ఊరికే ఇంకాస్త బిగించి వదిలేయకూడదు. రంధ్రం సాగిపోయి ఉంటే బిగింపు కొద్ది రోజులే నిలుస్తుంది, బ్రాకెట్ బాగుచేయించాల్సిందే. కొత్త బుష్‌లు వేసినప్పుడు కారు బరువు చక్రాల మీద పడి మామూలు ఎత్తులో నిలబడ్డాకే, కంపెనీ చెప్పిన టార్క్‌కి రెంచ్‌తో బిగించాలి. గాలిలో ఎత్తి ఉండగా బిగిస్తే బుష్ మెలితిరిగి ఉండిపోయి త్వరగా చిరిగిపోతుంది.

ఆ తర్వాత జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్, బేరింగ్ లూజు తెలుస్తుంది. కుడి ఎడమ పక్కల పట్టుకుని ఊపితే టై రాడ్ లూజు తెలుస్తుంది. ఎటు ఊపినా ఒకేలా కదిలితే బేరింగే. విడివిడి సస్పెన్షన్ ఉన్న కార్లలో ట్రాక్ బార్ ఉండదు. అక్కడ చూడాల్సినవి స్టీరింగ్ రాక్ (చక్రాలను అటూ ఇటూ నెట్టే పళ్ల కడ్డీ) పక్కన రబ్బరు తొడుగు లోపల దాగి ఉండే ఇన్నర్ టై రాడ్, కింది కంట్రోల్ ఆర్మ్ వెనక బుష్, స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన ఉండే బేరింగ్.

లాగే కార్లకు ప్రత్యేకమైన గాయం ఒకటుంది. అది వెనక్కి నడపడం వల్ల వస్తుంది. టో బార్‌కి కట్టి ఉండగా మోటర్‌హోమ్‌ని వెనక్కి నడిపితే, ఇంతసేపూ చక్రాలను తిన్నగా ఉంచిన క్యాస్టరే ఇప్పుడు వాటిని ఒక పక్కకు పూర్తిగా తిప్పేస్తుంది. తిరగడానికి ఇక చోటు లేక చక్రాలు అడ్డంగా ఈడ్చుకుపోతాయి. ఆ బరువంతా టై రాడ్ మీద, టో బార్ చేతుల మీద పడుతుంది. పెట్రోలు బంకులో దారి లేక ‘నాలుగడుగులే కదా’ అని వెనక్కి వచ్చిన ఒక్కసారి చాలు టై రాడ్ వంగడానికి. దాని ఒక చివర కన్ను పెట్టి, వెదురు కర్ర వంకర చూసినట్టు రెండో చివర వరకు చూడాలి. వంగితే టో-ఇన్ మారిపోతుంది. అలైన్‌మెంట్ చేయించినా వంగిన కడ్డీ బలం తిరిగి రాదు, మార్చాలి. వెనక్కి వెళ్లక తప్పనప్పుడు కారును విప్పడమే దారి, అది వానలో అయినా సరే.

క్యాస్టర్ తగ్గితే

జాయింట్లన్నీ గట్టిగా ఉన్నా వణుకు పోకపోతే అలైన్‌మెంట్ చూడాలి. 32 అంగుళాల టైరుకు, నాలుగున్నర డిగ్రీల క్యాస్టర్ ఉంటే, టైరు నేలను ఆనే చోటు స్టీరింగ్ అక్షం కన్నా దాదాపు అంగుళం పావు వెనక ఉంటుంది. చక్రాలను తిన్నగా ఉంచే బలంలో ముఖ్యమైన వాటా ఆ అంగుళం పావు నుంచే వస్తుంది. క్యాస్టర్ 2 డిగ్రీలకు పడిపోతే అది అర అంగుళానికి కాస్త ఎక్కువగా మాత్రమే మిగులుతుంది. జీప్‌ని ఎత్తు పెంచే కిట్లు వేసినప్పుడు జరిగేది ఇదే. కిట్‌తో పాటు కంట్రోల్ ఆర్మ్‌లు మార్చకపోతే ఇరుసు ముందుకు దొర్లినట్టై క్యాస్టర్ తగ్గుతుంది. మెకానిక్‌లు స్థూలంగా అంగుళం ఎత్తుకు ఒక డిగ్రీ పోతుందని లెక్క వేస్తారు. ఎత్తు పెంచిన కారుకు పెద్ద టైర్లు కూడా వేస్తారు, వాటి బరువు ఎక్కువ, ఒకసారి ఊగితే ఆపడం కష్టం. ఒకేసారి రెండు వైపుల నుంచీ నష్టం.

అలాగని క్యాస్టర్‌ని ఇష్టం వచ్చినట్టు పెంచితే బాగుపడుతుందనుకోవడం కూడా పొరపాటే. మరీ ఎక్కువైతే చక్రం మధ్యకు మరింత దూకుడుగా దూకి, అవతలికి దాటిపోతుంది. కంపెనీ చెప్పిన హద్దుల్లో, కుడి ఎడమలు సమానంగా ఉండటమే ముఖ్యం. అలైన్‌మెంట్ చేసినచోట ముందూ తర్వాతా కొలతలున్న కాగితం అడిగి తీసుకోవాలి. టో-ఇన్ ఒక్కటే సరిచేసి పంపేసిన సందర్భాల్లో ఆ విషయం ఆ కాగితంలోనే బయటపడుతుంది.

కారు వెనక సైకిళ్ల ర్యాక్, డిక్కీ నిండా సామాను పెట్టినా ముందు చక్రాల మీద బరువు తగ్గి, వాటి పట్టు పలచబడుతుంది. సామాను దించి ఒకసారి లాగి చూస్తే తెలిసిపోతుంది.

ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కార్లు

పాత హైడ్రాలిక్ స్టీరింగ్‌లో ఇంజన్ ఆగినా గొట్టాల్లో నూనె ఉంటుంది. చక్రాలు కొట్టుకుంటే ఆ నూనె సన్నని దారుల్లోంచి అటూ ఇటూ పారుతూ కొంత ఊపును మింగుతుంది. ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లో ఆ నూనె లేదు, మోటారు ఉంది. కరెంటు ఉన్నప్పుడు కంప్యూటర్ ఆ మోటారుతోనే అనవసరమైన ఊపులను అణిచేస్తుంది. కరెంటు లేనప్పుడు ఆ మోటారు స్టీరింగ్‌కి తగిలించిన బరువుగా మిగిలిపోతుంది. అది చిన్న బరువేమీ కాదు. స్టీరింగ్ ఒక చుట్టు తిరిగితే మోటారు 20 చుట్లు తిరిగే గేరు ఉందనుకుంటే, ఊపు విషయంలో దాని బరువు ప్రభావం 20ని 20తో గుణించినంత, అంటే 400 రెట్లు అవుతుంది. ఊపు మొదలయ్యాక ఆపడానికి ఎవరూ లేని బరువు అది.

అందుకే జాయింట్లు, టైర్లు, అలైన్‌మెంట్ అన్నీ కొత్తవాటిలా ఉన్న కార్లు కూడా లాగేటప్పుడు వణుకుతాయి. కొన్ని మోడళ్ల విషయంలో తయారీదారు నుంచే, లాగేటప్పుడు కూడా స్టీరింగ్‌కి కరెంటు అందేలా వైరింగ్ పరిష్కారం వచ్చింది. ఇలాంటి కారైతే డీలర్ దగ్గరికి వెళ్లి, ఆ మోడల్‌కు ఆ సంవత్సరానికి టోయింగ్ వణుకు మీద సర్వీస్ బులెటిన్ (మెకానిక్‌లకు కంపెనీ పంపే సూచన) ఉందేమో అడగడం మొదటి పని కావాలి. జాయింట్లు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవడం ఇక్కడ దండగ. కరెంటు ఇస్తే బ్యాటరీ ఖాళీ అవుతుంది, కాబట్టి మోటర్‌హోమ్ నుంచి బ్యాటరీకి ఛార్జింగ్ లైను కూడా కావాలి. యజమాని మాన్యువల్‌లో లాగడం గురించి రాసిన పేజీని అక్షరం వదలకుండా పాటించాలి. ఏ ఫ్యూజు తీయాలి, తాళం చెవి ఏ స్థానంలో ఉండాలి, ఎంత వేగం దాటకూడదు అన్నవి మోడల్ మారితే మారిపోతాయి.

టో బార్, బ్రేకు, డ్యాంపర్

టో బార్ వీలైనంత సమంగా, నేలకు సమాంతరంగా ఉండాలి. మోటర్‌హోమ్ హిచ్ (టో బార్ తగిలించే చోటు) కారు బేస్ ప్లేట్ (కారు ముందు టో బార్ బిగించే పలక) కన్నా 3 అంగుళాల లోపు ఎత్తులో ఉంటే ఫరవాలేదని సాధారణంగా పాటించే లెక్క. అంతకన్నా ఎక్కువైతే లాగినప్పుడల్లా కారు ముక్కు పైకి లేచి ముందు చక్రాలు తేలికవుతాయి. సరైన కొలత ఉన్న డ్రాప్ రిసీవర్ (హిచ్ ఎత్తును కిందికి దించే ముక్క) వేస్తే ఇది తీరిపోతుంది. కట్టిన తర్వాత కొంచెం ముందుకు నడిపి, టో బార్ రెండు చేతులూ పూర్తిగా సాగి లాక్ అయ్యాయో లేదో దిగి చూడాలి. ఒకటే లాక్ అయితే కారు ముక్కు పక్కకు గుంజుకుంటుంది. పిన్నులు, రిసీవర్‌లో షాంక్ (లోపలికి దూర్చే కడ్డీ) ఆడటం, బేస్ ప్లేట్ బోల్టులు చేత్తో ఊపి చూస్తే తెలిసేవే.

అదనపు బ్రేకు పెట్టెను మరిచిపోకూడదు. కారు బ్రేక్ పెడల్‌ని నొక్కే ఆ యంత్రం పెడల్‌ని పూర్తిగా వదలకపోతే బ్రేకులు రాసుకుంటూనే ఉంటాయి, డిస్కులు కాగి వంకరపోతాయి, ఆ వంకర నుంచి కొత్త వణుకు పుడుతుంది. ఆగిన ప్రతిచోటా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు చక్రాల వేడి చూసుకోవడం మంచి అలవాటు. ఒకటి మిగతావాటి కన్నా బాగా కాలుతుంటే జవాబు అక్కడుంది.

ఇక డ్యాంపర్. అది అనవసరమని కాదు, అది చివరి మాట అని. ఒక చివర విప్పి చేత్తో లోపలికి నెట్టి బయటికి లాగితే మొదటి నుంచి చివరి దాకా ఒకే గట్టిదనం ఉండాలి. మధ్యలో ఖాళీగా జారినా, ఒళ్లంతా నూనె కారినా మార్చాలి. 2019లో ఫియట్ క్రైస్లర్ సంస్థ అప్పటి కొత్త రాంగ్లర్ల వణుకు ఫిర్యాదులకు జవాబుగా మెరుగుపరిచిన డ్యాంపర్‌ను ఉచితంగా బిగించింది. జాయింట్లు గట్టిగా ఉన్న కొత్త కారుకు అది సరిపోవచ్చు. ఏళ్ల తరబడి తిరిగిన కారుకు డ్యాంపర్ ఒక్కటే వేయడం జ్వరానికి మాత్ర వేసి కారణం వెతకకపోవడం లాంటిది. రబ్బరు తాడుతో స్టీరింగ్‌ని సీటుకు కట్టేవాళ్లూ ఉన్నారు. అదీ ఈ కోవలోదే, పైగా గట్టిగా కడితే మలుపులో చక్రాలు తిరగలేక టైర్లు అడ్డంగా ఈడ్చుకుపోతాయి.

రోడ్డు మీద వణుకు మొదలైతే

గట్టిగా బ్రేకు వేయకూడదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీసి, వేగాన్ని దానంతట అదే పడిపోనివ్వాలి. వణుకు పూర్తిగా ఆగాక, ముందుకు వెళ్లి బయటపడగలిగే చోట పక్కకు ఆపాలి. వెనక్కి తీయాల్సి వచ్చే ఇరుకు చోట కాదు. దిగి టో బార్ పిన్నులు, టై రాడ్, ముందు టైర్లు చూడాలి. ఒకసారి గట్టిగా వణికిన కారులో జాయింట్లు ఆ కొద్ది క్షణాల్లోనే మరింత సాగుతాయి, బాగున్నవి కూడా దెబ్బతింటాయి. అందుకే ‘మెల్లగా పోతే సరిపోతుందిలే’ అని వందల మైళ్లు లాగడం ప్రమాదం. నడపగలిగే స్థితిలో ఉంటే కారును విప్పి, ఇంకొకరు జాగ్రత్తగా నడుపుకుంటూ రావడం నయం.

మరమ్మతు చేసేటప్పుడు ఒకసారికి ఒక్క మార్పే చేసి, అదే రోడ్డు, అదే అతుకు, అదే వేగంతో లాగి, మళ్లీ వీడియో తీయాలి. రెండు మూడు కలిపి మార్చేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు, తిరిగి వస్తే మొదటికే వచ్చినట్టు. సరైన మరమ్మతు జరిగిందో లేదో ఆ వీడియోలో ఊపులు లెక్కపెడితే తెలిసిపోతుంది. అతుకు దాటాక చక్రాలు ఒకసారో రెండుసార్లో కదిలి నిలిచిపోవాలి. ఐదారు ఊపులు ఊగి ఆగితే ఎండుగడ్డి ఇంకా ఎక్కడో మిగిలి ఉంది. బాగైందనిపించాక కూడా మొదటి 50 మైళ్ల తర్వాత ఒకసారి ఆగి, విప్పి బిగించిన ప్రతి బోల్టుకూ టార్క్ రెంచ్ మళ్లీ పెట్టి చూడాలి.